లేజర్ కాంతి తోడే గాని, వ్యాయామానికి బదులు కాదు

తాటిచెట్టునే నమ్ముకున్న వారికి భుజబలమే జీవనాధారం. కొన్నేళ్ల క్రితం కరీంనగర్ ప్రాంతపు గీత కార్మికుడొకరు నా వద్దకు వచ్చి, “అయ్యగారూ, రెక్క పైకి లేస్తలేదు, రాత్రి ఆ పక్కకు పండరాదు” అన్నారు. అప్పటికే ఆయన పట్టణంలో పది విడతలు లేజర్ చికిత్స పొందారు. నొప్పి తగ్గగానే మోకు పట్టి చెట్టెక్కారు. నెల తిరగకముందే బాధ రెట్టింపై, ఖర్చుతోపాటు ఆ కాలపు కల్లు రాబడి కూడా పోయింది. చేయవలసిన వ్యాయామాన్ని ఆయన ఒక్కనాడూ చేయలేదు.

అంసప్రదేశంలో చేరిన వాతం అక్కడి బంధనాలను శోషింపజేసి ‘అవబాహుకం’ కలిగిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. చేయి పైకెత్తినప్పుడల్లా భుజాగ్రపు ఎముక కింద స్నాయువు ఒరుసుకొని దెబ్బతింటుందని ఆధునికులు వివరిస్తారు. ఈ రెండు వర్ణనలు పూర్తిగా ఒకటే అనను. కాని చేయి కదలని బాధ ఒకటే.

“లేజరంటే మన అగ్నికర్మే” అని కొందరు వైద్యమిత్రులు అంటారు. అందుకు నేను సమ్మతించను. అగ్నికర్మ చర్మాన్ని దహిస్తుంది. నొప్పికి వాడే స్వల్పశక్తి లేజర్ దహించదు. 1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఈ కాంతిని ఎలుకలపై ప్రసరింపజేయగా, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా పెరిగాయి. ఈ చికిత్సకు బీజం అక్కడ పడింది.

దీనివల్ల కొద్ది వారాలపాటు ఉపశమనం లభించవచ్చని 2016 నాటి కాక్రేన్ సమీక్ష తెలిపింది. అయితే ఆధారాలు బలమైనవి కావనీ, వ్యాయామానికి దీనిని జోడిస్తే ఎంత అదనపు మేలో తేలలేదనీ కూడా చెప్పింది.

కనుక నా అభిప్రాయమిది: నొప్పి తగ్గిన ఆ కొద్ది వారాలే రోగికి దొరికిన అవకాశం. ఆ సమయంలో ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు చేతిని లోలకంలా ఊపడం, వేళ్లతో గోడపై పాకించడం, క్రమంగా కండరాలకు బలమిచ్చే సాధన చేయాలి. గోరువెచ్చని తైలంతో అభ్యంగం, స్వేదం దీనికి తోడ్పడతాయి. డబ్బు పరిమితమైన ఇంట లేజర్‌ను మానుకోవచ్చు గాని, వ్యాయామాన్ని మానరాదు.

ఒక హెచ్చరిక. కిందపడిన తరువాత చేయి ఒక్కసారిగా లేవకపోయినా, జ్వరంతో భుజం వాచినా ఎముకల వైద్యుని చూడండి. ఎడమ భుజం నొప్పితో ఛాతీ బరువు, చెమటలు ఉంటే తైలం కోసం వెదకక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మధుమేహం ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే అవకాశం అధికం. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకోవడం వారికి మరింత అవసరం.

ఏ శాస్త్రపు చికిత్సయినా నొప్పిని తగ్గించి దారి చూపగలదు. ఆ దారిన నడవవలసినది రోగియే.