ముందస్తు పన్ను సంగతి ముందే చెప్పరేం?

మా మండల కేంద్రంలో ఎరువుల దుకాణం నడుపుకొనే ఆసామి ఒకరు జూలై ఆఖరున రిటర్ను వేయబోతే, లక్ష రూపాయల పన్నుకు తోడు మరో ఐదువేలు కట్టవలసి వచ్చింది. "నేనేం ఎగవేశానండీ? గడువులోపలే వచ్చాను గదా!" అని ఆయన లబలబలాడాడు. ఆడిటరుగారు మాత్రం ఏం చేస్తారు?

ఇది జరిమానా కాదు, వడ్డీ. టి.డి.ఎస్. పోను పదివేలు, ఆపైన పన్ను పడేవారు సంవత్సరం ముగియకముందే ఆదాయం అంచనా వేసి కట్టాలన్నది నిబంధన. వ్యాపార ఆదాయం లేని, 60 ఏళ్లు నిండినవారికి మినహాయింపు ఉంది. మిగతావారు జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం జమ చేయాలి. టర్నోవరు మీద ఇంత శాతమని లాభం చూపే చిన్న వర్తకులకు మార్చి 15 ఒక్కటే వాయిదా. మన ఆసామి అది తప్పినందుకు నూటికి రూపాయి చొప్పున వెయ్యి పడింది. ఏప్రిల్ నుంచి జూలై వరకు నెలకు మళ్లీ నూటికి రూపాయి, వెరసి నాలుగువేలు. నెలలో ఒక్కరోజు గడిచినా నెల కిందే లెక్క. మార్చి 31లోగా కట్టి ఉంటే ఆ నాలుగువేలూ మిగిలేవి. రూపాయి వడ్డీ మన పల్లెల్లో చౌకే అనుకోండి, కానీ తీసుకోని అప్పుకు కట్టడమే బాధ.

ఒకప్పుడు ఈ వడ్డీ తగ్గించే అధికారం ఆఫీసరుకు ఉండేది. 1989-90 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి అది పోయింది. ఇది తప్పనిసరి అనీ, సెటిల్‌మెంట్ కమిషన్ కూడా మాఫీ చేయజాలదనీ 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బతిమాలుకుంటే పోయేది కాదన్నమాట.

రైతులూ దీనికి దూరం కాదు. పంట మీద పన్ను లేదు, నిజమే. మున్సిపాలిటీలో కలిసిన పొలం అమ్మితే వచ్చిన లాభం మీద మాత్రం ఉంటుంది. అమ్మకం తర్వాత మిగిలిన వాయిదాల్లో కట్టేస్తే వెనకటి వాయిదాలకు వడ్డీ వేయరు. ఈ సౌకర్యం ఉన్నదని రిజిస్ట్రేషను రోజున చెప్పే నాథుడేడీ?

వసూలులో ఇంత ఖచ్చితంగా ఉండే శాఖవారు ఏటా ఫిబ్రవరిలో మార్కెట్ యార్డులలో, బ్యాంకులలో, రిజిస్ట్రారు కార్యాలయాలలో ఈ తేదీలను తెలుగులో రాసి అంటించాలి. కనీసం సంతలో టముకు వేయించినా మావాళ్లు వింటారు.