దారిలో దొరికే పాట మీద ఇంత చిన్నచూపా?

2020 మార్చి 25 ఉగాది. దేశమంతటా కరోనా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఉగాది మొదలు శ్రీరామనవమి దాకా చలువ పందిళ్లలో మేళం మోగాల్సిన రోజులు అవి. ఆ ఏడు ఏ పందిట్లోనూ మోగలేదు, అసలు పందిళ్లే వెయ్యలేదు. భద్రాచలంలో రాములవారి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మరుసటి ఏడూ అంతే. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు తప్పదు, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ వేరే ఉంది. సినిమా హాళ్లకు ఎంత పోయింది, హోటళ్లకు ఎంత పోయింది, విమానాలకు ఎంత పోయింది అని రోజూ లెక్కలు చెప్పుకున్నాం కదా, వీధిలో ఊరికే చెవిన పడే సంగీతం పోయిందని ఎవరైనా ఒక్క మాట అన్నారా? దాన్ని నష్టాల పద్దులో రాసుకోవాలని ఒక్కరికైనా తోచిందా?

ఊరికే చెవిన పడేది కాబట్టి దానికి విలువ లేదనుకున్నాం. సాయంత్రం ఏమీ తోచక కూరల సంచీ పట్టుకుని బయల్దేరతాం. గుడి సందు మలుపు తిరిగేసరికి లోపలి ప్రాకారంలోంచి నాదస్వరం వినపడుతుంది. కాళ్లు వాటంతట అవే ఆగుతాయి. అది ముఖారి అని మనకు తెలియదు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎవరో చెబుతారు, చెప్పకపోయినా ఆ రాత్రంతా అది మనల్ని వదలదు. నిజం చెప్పండి, మనలో ఎంతమందికి త్యాగరాజ కీర్తన మొదట సభలో టిక్కెట్టు కొనుక్కుని వింటే తెలిసింది? ధనుర్మాసపు తెల్లవారుజామున హరిదాసు చిడతలు, సంక్రాంతికి గంగిరెద్దు వెనక నడిచే సన్నాయి, ప్యాసింజరు బండిలో చూపు లేని గాయకుడి గొంతు. ఈ జాతికి సంగీతం నేర్పిన బడి ఇది. దీనికి ఫీజు లేదు, పరీక్ష లేదు, అందుకేనేమో మర్యాద కూడా లేదు.

ఇంట్లో కూర్చున్న ఆ రెండేళ్లూ ఫోనుంది కదా అన్నారు. ఫోను నిన్న మనకు నచ్చిందేదో కనిపెట్టి ఇవాళ దాన్నే మళ్లీ వడ్డిస్తుంది. మనం అడగనిది, అడగొచ్చని కూడా తెలియనిది ఇచ్చేది వీధే. ఆ తేడా తెలియని వాళ్లే ‘అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి’ అంటారు.

ఒక్కసారి మేళం దగ్గరికి వెళ్లి చూడండి. మొదలుపెట్టే ముందు విద్వాంసుడు సన్నాయి పీకను నాలుక మీద తడుపుకుంటాడు, చెవి ఒగ్గి శ్రుతి సరిచూసుకుంటాడు, అదనపు పీకలు దారానికి వేలాడుతూ ఉంటాయి. డోలు వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. రాగం ఎత్తుకున్నాక మెడ నరాలు తాళ్లలా ఉబ్బుతాయి. ఎదురుగా వింటున్నది ఎవరు? పెళ్లివారు ఫొటోల గొడవలో ఉంటారు, మనం పలకరింపుల్లో ఉంటాం. తాళి కట్టే వేళకు మాత్రం ‘భజంత్రీలు, భజంత్రీలు!’ అని ఒక కేక. గట్టిమేళం అయిపోగానే మళ్లీ ఆ మనిషి మన కంటికి ఆనడు. నలభై ఏళ్ల సాధన ఒక కేకకీ ఇంకో కేకకీ మధ్య నలిగిపోతోంది.

ఇదేనా మన ఘనత? ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పడితే దక్షిణాది మొత్తం చెవులు రిక్కించింది. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకుని, తరవాత తంజావూరు బాణీ కోసం కావేరి తీరానికి వెళ్లి, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. గుడి వాకిట ఒక ముస్లిం విద్వాంసుడు నాదస్వరం వాయించడం మన కోస్తా ఊళ్లలో వింత కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రామాలయాల మేళాలు తరతరాలుగా మోసినవాళ్లలో అలాంటి ముస్లిం కుటుంబాలెన్నో. అలాంటి సంపదను మనం ఏం చేశాం? పొరుగు రాష్ట్రానికి వదిలేశాం. ఆయన శిష్యులైన తెలుగు నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు, అదీ తమిళనాడు జాబితాలో. రెండు నెలలు తిరక్కముందే దేశంలో మేళాలన్నీ మూగబోయాయి.

అందరి వృత్తులూ దెబ్బతిన్నాయి, నిజమే. కానీ మాస్కు వేసుకుని కూరగాయలు అమ్మొచ్చు, పాఠం చెప్పొచ్చు, నాదస్వరం ఊదడం కుదరదు. పెళ్లికి యాభై మందే అన్నప్పుడు లెక్కలోంచి మొదట ఎగిరిపోయింది మేళగాళ్లే. పెదనాన్నని మానుకోలేరు, మేనమామని మానుకోలేరు. తాళి కట్టే క్షణానికి ఎవరో కుర్రాడు ఫోనులో గట్టిమేళం పెట్టాడు. రైళ్ల సంగతీ అంతే. మళ్లీ నడిపినప్పుడు ముందు రిజర్వేషను ప్రత్యేక బండ్లే నడిపారు. మామూలు పెట్టెలు చాలాకాలం రాలేదు. ఆ పెట్టెలే వేదికగా బతికే గాయకుడు ఎక్కడ పాడాలి?

2020 సెప్టెంబరులో గాయకుడు ఎస్పీ బాలు గారు పోతే తెలుగు నేల అంతా ఏడ్చింది, ఏడవాల్సిందే. దానికి ముందు, జూలైలో, ప్రజానాట్యమండలి గాయకుడు నిస్సార్ పోయాడు. కరోనాతో జాగ్రత్త అని జనానికి పాట కట్టి చెప్పిన మనిషి ఆ కరోనాకే బలయ్యాడు. ఆగస్టులో జానపద కవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు పోయారు. ఊరూరా దారిలో జనాన్ని నిలబెట్టి వినిపించిన గొంతులు ఈ ఇద్దరివీ. వాళ్లకి మనం కనీసం ఒక ఊరేగింపు పాటైనా పాడుకున్నామా?

సరే, మహమ్మారి పోయింది. మాస్కులు తీశాం, హాళ్లు నిండాయి, పెళ్లిళ్లు ముందుకన్నా ఆర్భాటంగా జరుగుతున్నాయి. మరి మేళం తిరిగొచ్చిందా? లక్షలు పోసి డీజే పెట్టించే పెళ్లిపెద్ద, సన్నాయి బృందం దగ్గరికి వచ్చేసరికి అయిదొందల దగ్గర బేరమాడతాడు. గుళ్లలో మీట నొక్కితే మోటారు గంట కొడుతుంది, డోలూ వాయిస్తుంది. ఆ దరువుకు తాళం తప్పదు, ప్రాణమూ ఉండదు. దేవుడికి ఆ రొద వినిపించడానికి సిగ్గనిపించడం లేదూ?

పోనీ బిరుదులిస్తే బతుకు మారుతుందా అంటే దర్శనం మొగులయ్యని చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని నల్లమల పక్క ఊళ్లన్నీ పాడుకుంటూ తిరిగినన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. 2021లో సినిమా పాటలో గొంతు వినపడితే అందరికీ పట్టింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన ఇళ్లు కట్టేచోట కూలిపనిలో కనిపించాడు. ఫొటోలు దిగిన పెద్దలారా, దీనికి మీ దగ్గర జవాబుందా?

దేవాదాయ శాఖ వారూ, సాంస్కృతిక శాఖ వారూ, మీరు నడిపే ఉత్సవాలకు శాలువాలు, జ్ఞాపికలు ఎన్నయినా కొనుక్కోండి. ముందు ఆ మోటారు డోలు తీసి బయట పెట్టండి. ప్రతి పెద్ద గుడికీ ఒక నాదస్వర బృందాన్ని నెల జీతం మీద వేయండి. వాళ్ల పక్కన నేర్చుకునే ఇద్దరు పిల్లలకు భత్యం ఇవ్వండి. సాయంత్రం పూట లోపలెక్కడో కాదు, దారిన పోయేవాడికి వినపడేలా గోపురం కింద కూర్చోబెట్టి వాయించమనండి. రైల్వే వారు స్టేషన్లలో ప్రకటనల టీవీలకు ఇచ్చిన చోటులో నాలుగడుగులు పాడేవాడికీ ఇవ్వండి. పెళ్లివారూ, మీరైతే ప్రభుత్వం కోసం చూడక్కర్లేదు. రేపటి ముహూర్తానికి మేళాన్ని పిలవండి, అడిగినంతా ఇవ్వండి, వాయిస్తున్నప్పుడు ఆ డీజే వాణ్ణి నోరు మూసుకోమనండి, భోజనాలకు వాళ్లని మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టండి.