సింహాసనం వేలం వేసినవారిని వదిలేసి...

క్రీస్తుశకం 193 మార్చి 28న రోమ్ చక్రవర్తి పెర్టినాక్స్‌ను సొంత అంగరక్షకులే హతమార్చారు. ఆయన గద్దెనెక్కి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. అంతటితో ఆగక ఆ ప్రిటోరియన్ దళం తన శిబిరం వద్దే సింహాసనాన్ని వేలానికి పెట్టింది. ఒక్కో సైనికుడికి 25,000 సెస్టెర్సులు ఇవ్వజూపిన డిడియస్ జూలియానస్ పాట పాడుకున్నాడు. సెవెరస్ సేనలు నగరాన్ని సమీపించగానే అమ్మినవారే అతణ్ణి విడిచిపెట్టారు. 66 రోజులకే అతడూ హతుడయ్యాడు. జూలియానస్ నేటికీ నవ్వులపాలవుతూనే ఉన్నాడు. వేలం వేసినవారి పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఢిల్లీ రాజకీయ వ్యాఖ్యానానిదీ ఇదే మతిమరుపు. చరణ్ సింగ్ అనగానే పార్లమెంటును ఎదుర్కోని ప్రధాని అన్న ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుంది. 1979 జులై 28న ప్రమాణం చేసిన ఆయన ఆగస్టు 20న రాజీనామా చేయవలసి రావడానికి ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరణే కారణమన్నది అడుగున పడిపోతుంది. చంద్రశేఖర్ ప్రభుత్వం నాలుగు నెలలైనా నిలవలేదు. రాజీవ్ గాంధీ నివాసం వద్ద ఇద్దరు హర్యానా పోలీసులు నిఘా వేశారన్న ఆరోపణే సాకుగా సరిపోయింది. దేవెగౌడ 1997 ఏప్రిల్ 11న విశ్వాస పరీక్షలో ఓడారు. గుజ్రాల్‌కు అదే ఏడాది నవంబరులో మద్దతు పోయింది. నలుగురినీ నిలబెట్టిందీ, పడగొట్టిందీ బయటి నుంచి అందిన కాంగ్రెస్ మద్దతే. ఈ విద్య ఒక్క పార్టీ సొత్తేమీ కాదు. 1990లో వి.పి. సింగ్‌కు బయటి మద్దతు ఉపసంహరించి, ఆయన ప్రభుత్వ పతనానికి దారితీసింది భారతీయ జనతా పార్టీ.

'బయటి మద్దతు' అన్న మాటలోనే మోసం ఉంది. పాలనలో పాలు ఉండదు, పడగొట్టే హక్కు మాత్రం ఉంటుంది. ధర పెరిగినా, ఉద్యోగం రాకపోయినా నింద ప్రధానిది, పెత్తనం మద్దతుదారుది. ప్రిటోరియన్ దళం అనుభవించింది సరిగ్గా ఇదే. పొరుగున పాకిస్తాన్‌లో ఆ దళం పాత్ర సైన్యానిది. అక్కడ ఇప్పటివరకు ఏ ప్రధానీ ఐదేళ్ల పదవీకాలం పూర్తిచేయలేదు.

దీనికి విరుగుడు బలమైన నాయకుడేనని కొందరు తీర్పు చెబుతున్నారు. రోమ్ ఆ మందు కూడా మింగింది. జూలియానస్ తరువాత వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ పాత దళాన్ని రద్దుచేసి, దాని స్థానంలో తన సైనికులను నింపాడు, జీతాలు పెంచాడు. దళం యజమాని మారాడు తప్ప దళం అధికారం తగ్గలేదు. 235లో అతని వంశం అంతరించాక అర్ధశతాబ్దంలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు వచ్చిపోయారు. అంటే ఆ బలం వ్యాధిని దాచిందే గాని నయం చేయలేదు.

అసలు చికిత్స జవాబుదారీతనం. రాష్ట్రపతికి మద్దతు లేఖ ఇచ్చిన పార్టీ మంత్రివర్గంలో చేరి మంచిచెడులు మోయాలి. దించదలచిన పార్టీ ప్రత్యామ్నాయాన్ని సభ ముందు నిలపాలి. వారసుణ్ణి ఎన్నుకోకుండా ఉన్న చాన్సలర్‌ను దించే వీలు జర్మనీ పార్లమెంటుకు లేదు. అందుకే 1949 నుంచి అక్కడ అవిశ్వాసం నెగ్గింది ఒక్క 1982లోనే.

తెలుగువారికి ఈ పాఠం కొత్త కాదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నెల తిరిగేసరికి జనాగ్రహం ఎన్టీఆర్‌ను తిరిగి గద్దెపై కూర్చోబెట్టింది. నాడు తెలుగు ప్రజలు నెల రోజుల ముఖ్యమంత్రిని చూసి నవ్వి ఊరుకోలేదు, రాజ్‌భవన్‌ను నిలదీశారు. చంద్రశేఖర్, గుజ్రాల్‌ల విషయంలో దేశం అడగవలసిన ప్రశ్న కూడా అదే: వారెందుకు పడిపోయారని కాదు, పడగొట్టినవారు ఎవరికి జవాబు చెప్పారని.