రోజూ రైలెక్కే కొత్త ఉద్యోగికి చౌక టికెట్ ఏది? లెక్క ఇదీ

భువనగిరి, జనగామ, వికారాబాద్, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో ఓ అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఇంట్లో సంతోషంతో పాటే ఒక లెక్క కూడా మొదలవుతుంది. హాస్టల్‌లో ఉంచాలా, రోజూ రైల్లో పంపాలా? మొదటి జీతం పదిహేను వేల దగ్గర ఉంటే హాస్టల్ ఖర్చు పోగా అమ్మీ చేతికి మిగిలేది చాలా తక్కువ. అందుకే చాలా కుటుంబాలు రైలు వైపే మొగ్గుతాయి. కానీ రోజూ కౌంటర్‌లో టికెట్ కొంటూ పోతే ఆ పొదుపులో సగం అక్కడే పోతుంది.

పదిహేను ట్రిప్పుల లెక్క

వారానికి ఆరు రోజుల డ్యూటీ అంటే నెలకు 26 రోజులు, రానుపోను 52 ప్రయాణాలు. సెకండ్ క్లాస్ నెలవారీ సీజన్ టికెట్ ధర మాత్రం సుమారు 15 ఒంటి ప్రయాణాల ఛార్జీతో సమానం. అంటే ఎనిమిదో రోజు సాయంత్రానికి పాస్ డబ్బులు వచ్చేసినట్టే, మిగతా నెలంతా లాభమే. వారానికి మూడు రోజులే ఆఫీసుకు రమ్మనే కంపెనీ అయినా పాసే చౌక. నెలలో ఏడు రోజులు, అంతకంటే తక్కువ వెళ్లే వాళ్లకే విడి టికెట్ నయం.

ఉద్యోగం కుదురుకుందని నమ్మకం కలిగాక మూడు నెలల పాస్ చూడొచ్చు. దాని ధర నెల పాస్‌కు 2.7 రెట్లు, అంటే పది శాతం ఆదా. ప్రొబేషన్‌లో ఉన్న వాళ్లు మొదట నెల పాస్‌తో సరిపెట్టుకోవడమే మంచిది. గడువు ముగియడానికి పది రోజుల ముందు నుంచే రెన్యూవల్ చేసుకోవచ్చు. కౌంటర్‌కు వెళ్లే తీరిక లేకపోతే రైల్‌వన్ యాప్‌లోనూ పాస్ తీసుకోవచ్చు.

దూరానికి హద్దు ఉంది. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ ఆ హద్దులోకి వస్తాయి. నిజామాబాద్ రాదు.

పాస్ ఉన్నా ఫైన్ ఎందుకు?

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాస్ జేబులో ఉంది కదా అని ముందు వచ్చిన రైలు ఎక్కేస్తారు. సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ బోగీల్లో, స్లీపర్‌లో కూర్చోకూడదు. వందే భారత్‌లో అసలే చెల్లదు. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు విడిగా సర్‌చార్జి కట్టి ఉండాలి. రైలు నంబర్ 12, 20, 22 అంకెలతో మొదలైతే సాధారణంగా అది సూపర్‌ఫాస్ట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు. సరైన టికెట్ లేకుండా దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. రెండుసార్లు పట్టుబడితే నెలంతా మిగిలించింది అందులోనే పోతుంది.

కాబట్టి పాస్ కొనేముందు చూడాల్సింది ధర కాదు, టైమ్‌టేబుల్. డ్యూటీకి ముందు చేర్చే రైలు ఏది, అది మన స్టేషన్‌లో ఆగుతుందా, సూపర్‌ఫాస్టా కాదా అని తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి. ఆఫీసు హైటెక్ సిటీ వైపు అయితే సికింద్రాబాద్ వరకు ఒక పాస్, అక్కడి నుంచి ఎంఎంటీఎస్‌కు మరోటి తీసుకునే ముందు, చివరి స్టేషన్ వరకు ఒకే పాస్ వస్తుందేమో కౌంటర్‌లో అడగాలి.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క

అన్నకు చౌకైంది చెల్లెలికి చౌక కాకపోవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. కాలేజీకో ఉద్యోగానికో వెళ్లే అమ్మాయికి ముందు బస్సు చూడాలి. టైమ్ కుదరకపోతేనే రైలు పాస్.

చదువుకునే పిల్లలకు సీజన్ టికెట్ సగం ధరకే వస్తుంది. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. మదర్సా విద్యార్థులకూ ఈ సౌకర్యం విస్తరించాలని 2009 రైల్వే బడ్జెట్‌లో ప్రతిపాదించారు. ఇంట్లో పెద్దవాళ్ల సంగతి వేరు. 2020 మార్చిలో ఆపేసిన సీనియర్ సిటిజన్ రాయితీ తిరిగి రాలేదు. అంతకుముందు పురుషులకు 40 శాతం, మహిళలకు 50 శాతం తగ్గింపు ఉండేది.

పేదవాడి పాస్ ఎక్కడ?

2025లో రైల్వే రెండుసార్లు ఛార్జీలు సవరించింది, జులై 1న ఒకసారి, డిసెంబర్ 26న మరోసారి. రెండుసార్లూ సీజన్ టికెట్ల జోలికి పోలేదు. దీనికి పాత అనుభవం కూడా కారణం కావచ్చు. 2014 జూన్‌లో పాస్ ధరను 15కు బదులు 30 ప్రయాణాల లెక్కన వసూలు చేయాలని నిర్ణయించి, నిరసనలు రావడంతో నాలుగు రోజులకే వెనక్కి తగ్గింది. రోజూ రైలెక్కే వాళ్ల మాటకు ఉన్న బలం అది.

అయితే సంఘటితంగా అడగలేని వాళ్ల కోసం పెట్టిన పథకం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అసంఘటిత కార్మికుల కోసం 2009లో 'ఇజ్జత్' పాస్ తెచ్చారు. నెలకు 25 రూపాయలు. మొదట వంద కిలోమీటర్లు, 2012లో 150కి పెంచారు. కానీ అర్హతకు పెట్టిన ఆదాయ పరిమితి నెలకు 1,500 రూపాయలు. ఈరోజు అడ్డా మీద నిలబడే కూలీ కూడా కొద్ది రోజుల్లోనే ఆ మొత్తం దాటేస్తాడు. టైలరింగ్ షాపులో, మెకానిక్ షెడ్‌లో పనికి రోజూ రైల్లో వచ్చే కుర్రాడి పరిస్థితీ అంతే. దూరం పెంచిన వాళ్లు ఆదాయ పరిమితిని మరిచిపోవడంతో పథకం పేరుకే మిగిలింది.

ఆ పరిమితిని ఇప్పటి కూలి రేట్లకు తగ్గట్టు మార్చమని అడగాల్సింది ఎంపీలనే. అది జరిగేవరకు కొత్త ఉద్యోగికి దారి ఒక్కటే. నెల మొదట్లోనే పాస్ తీసుకోవడం, అది చెల్లే రైలే ఎక్కడం.