ఎడారి నడుమ ఓడ



ఇడుపులపాయ దగ్గరి ఒక పల్లెలో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. ఆ ఇంటి పెద్దకుమారుడు సరుకుల ఓడలో ఇంజను గదిలో పని చేస్తాడు. సెలవుపై వచ్చియున్నాడు. ప్రార్థన ముగిశాక, 2022లో తాను మొదటిసారి సూయజ్ కాలువ దాటిన సంగతి చెప్పాడు.

"అయ్యగారూ, పని దిగి పైకి వచ్చి చూస్తే సముద్రం కనపడలా! ఎడమపక్క పచ్చని చేలు, ఖర్జూర చెట్లు. కుడిపక్క సీనాయి ఇసుక. నడుమ మా ఓడ పోతా ఉంది."

ఆ దేశపు పైలట్ ఓడనెక్కి దారి చూపుతాడట. ఓడలన్నీ సంతకు పోయే బండ్లవలె వరుసగా, మెల్లగా నడుస్తాయి. 193 కిలోమీటర్లు దాటేసరికి ఇంచుమించు పగలంతా గడిచిపోతుంది. రెండు సముద్రముల మట్టం దాదాపు ఒకటే గనుక లాకులు లేవు.

లాకులంటే మన కె.సి. కాలువ గుర్తుకొచ్చింది. సూయజ్ కాలువను 1859 నుండి 1869 వరకు త్రవ్వారు. ఆ కాలమందే, 1863లో, సుంకేశుల నుండి కడపకు మన కాలువ పని మొదలైంది. పొలాలకు నీళ్ళతోపాటు పడవల రాకపోకలకు కూడా దానిని త్రవ్వారు. ప్రొద్దుటూరు వైపు అందులో ఈతలు కొట్టిన నాకు ఆ సంగతి చాలాకాలం తెలియదు. పడవలు పోయాయి, నీళ్ళు మిగిలాయి. మన రైతుకు అదే మేలయింది.

తల్లి మాత్రం వేరే ఆలోచనలో ఉంది. "మోషే దాటిన ఎఱ్ఱసముద్రం అదేనా నాయనా?" అని అడిగింది.

"ఆ సముద్రంలోనుంచే కాలువలోకి పోతామమ్మా" అన్నాడు. ఇశ్రాయేలీయులు ఏ చోట దాటారో పండితులకే ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చ నేనక్కడ ఎత్తలేదు.

ఆమె భయం ఊరకే కలిగినది కాదు. 2021 మార్చిలో 400 మీటర్ల ఎవర్ గివెన్ ఓడ ఆ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు ఇరుక్కుపోయింది. అందులోని 25 మంది సిబ్బందీ భారతీయులే. అప్పటికి ఈ అబ్బాయి శిక్షణలో ఉన్నాడు. ఆ తరువాత 2023 నవంబరు నుండి ఎఱ్ఱసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాయి. ఎన్నో కంపెనీలు తమ ఓడలను ఆఫ్రికా చుట్టూ త్రిప్పాయి. ఇతని ఓడ కూడా అలాగే వెళ్ళింది. ప్రయాణం పది రోజులకుపైగా పెరిగింది. ఇంటికి ఫోను రాని రాత్రులు ఆమె దీపం ఆర్పకుండా కూర్చున్నదట.

"చుట్టుదారైనా పర్వాలేదు, ప్రాణంతో వస్తే చాలు" అన్నది.

కుమారుడు నవ్వి, "దారి మా చేతిలో ఉంటుందా అమ్మా? కంపెనీవాళ్ళు ఎట్లా పొమ్మంటే అట్లా పోవాల్సిందే" అన్నాడు.

వచ్చే నెలలో అతడు మరల ఓడనెక్కాలి. ఏ దారిన పోతారో ఇంకా చెప్పలేదట.