నడవగలమను ధైర్యమునకు కొలత

శంషాబాదు విమానాశ్రయమునుండి అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులలో పలువురు చక్రముల కుర్చీని కోరుట అందరెరిగినదే. మోకాళ్లు సహకరింపనివారికి అది హక్కు. ఒకరు చూపు దయ కాదు. కాని ఇంటికడ గుడికిని, కూరగాయల బజారునకును నడచిపోవువారును అచట కుర్చీలోనే కూర్చుండుచున్నారు. తెలియని భాష, తెగని నడవలు, దారి తప్పుదుమేమో యను భయము వారి కాళ్లకు సంకెలలగుచున్నవి. వీరికి కొరవడినది కాలిసత్తువ కాదు, గుండెదిటవు. ఈ రెంటిని వేరుచేసి చూడనంతకాలము వృద్ధుల వ్యాయామమును గూర్చి మనము చేయు బోధలు నిష్ఫలములని మా యభిప్రాయము.

ప్రపంచారోగ్యసంస్థవారు 2020లో ప్రకటించిన నియమముల ప్రకారము అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు ఒక మోస్తరు శ్రమ చేయవలయును. తూలిపడకుండుటకై వారమునకు మూడు దినములైనను నిలకడను, బలమును పెంచు అభ్యాసములు చేయవలయును. ఉపదేశము మంచిదే. కాని వినినవారందరు నేల చేయకున్నారు? ఆల్బర్ట్ బండూరా యను మనశ్శాస్త్రవేత్త 1977లో దీనికొక సమాధానము చెప్పెను. ఒక పనిని తాను చేయగలనను నమ్మకము లేనివాడు దాని లాభమెంత యెరిగినను ఆ పనికి పూనుకొనడు. పూనినను తొలి యడ్డంకికే విడుచును.

ఈ నమ్మకమును కొలుచుటకు బార్బరా రెజ్నిక్, లూయీజ్ జెంకిన్స్ అను ఇరువురు 2000లో తొమ్మిది ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. వారమునకు మూడుమారులు, మారునకు ఇరువది నిమిషములు వ్యాయామము చేయగలనను ధైర్యము మీకెంత కలదని వృద్ధుల నడుగుదురు. వాతావరణము బాధించినను, విసుగు పుట్టినను, నొప్పి కలిగినను, ఒంటరిగ చేయవలసివచ్చినను, ఇష్టము లేకున్నను, ఇతరమైన పనులున్నను, అలసినను, మనసు కలతపడినను, దిగులు క్రమ్మినను చేయగలరా యని వేర్వేరుగ నడిగి, సున్న మొదలు పదివరకు అంకె చెప్పింతురు.

ప్రశ్నలడిగినంతనే కాళ్లు నడచునా యని కొందరు పరిహసింపవచ్చును. నడువవు, కాని యేది యడ్డుపడుచున్నదో తెలియును. నొప్పికడ అంకె తగ్గినవారికి వైద్యుడు కావలయును. ఒంటరితనముకడ తగ్గినవారికి తోడు కావలయును. దిగులుకడ తగ్గినవారికి ఓదార్పును, చికిత్సయు కావలయును. అందరికిని "రోజూ నడువుడు" అను ఒక్క మాటనే వ్రాసియిచ్చుట వైద్యము కాదు.

అయితే ఈ పట్టికను మాటకు మాట తెలుగుచేసి మన పల్లెలపై మోపుట తగదు. ఏండ్ల తరబడి నాట్లువేసి, కలుపుతీసిన ముదుసలి వ్యాయామమన్న అది పహిల్వానుల పని యనును. వాతావరణమని కాక, వైశాఖపుటెండయని యడుగవలయును. చదువురాని వారికి సున్న నుండి పదివరకు అంకెలకంటె, రూపాయిలో ఎన్ని అణాల నమ్మకమను ప్రశ్న సులభము కావచ్చును. అడుగవచ్చిన ఆశా కార్యకర్త నొప్పింపనేల యని "చేస్త బిడ్డా" యని తలయూపు పెద్దలును గలరు. కావున ప్రశ్నలను మొదట మన వృద్ధులకడనే పరీక్షించి, వారి మాటలతో దిద్దుకొనవలయును.

ఇంకొక ముఖ్యవిషయము గలదు. 2008 మార్చిలో ఈ విమానాశ్రయము తెరువబడినది. దాదాపు 5,500 యెకరముల ఈ క్షేత్రమునకు తోడు, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారియు, బెంగుళూరు రహదారియు ఈ ప్రాంతపు రూపమునే మార్చినవి. ఒకప్పుడు గట్లవెంట పొలమునకు నడచిన కాళ్లకు నేడు రహదారి దాటుటయే గండము. కాలిబాట లేనిచోట, వాహనముల వేగమునకు హద్దు లేనిచోట, కుక్కల గుంపులున్నచోట "నేను నడువలేను" అను వృద్ధుని మాట పిరికితనము కాదు, వివేకము. ఆతడు చెప్పిన చిన్న యంకె ఆతని మనసునకే కాక మన వీథికిని వేసిన మార్కు. లోపమంతయు ముసలివారి నెత్తిన రుద్దుటకు ఈ కొలతను వాడుట అన్యాయము.

2011 జనాభా లెక్కల నాటికే ఈ దేశమున అరువదియేండ్లు నిండినవారు పదికోట్లకు మించియుండిరి. వృద్ధుల ఆరోగ్యరక్షణకై కేంద్రప్రభుత్వమువారు 2010-11లో ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించిరి. దవాఖానాలలో రక్తపుపోటు చూచువేళనే ఈ ప్రశ్నలను గూడ అడిగి, మూడు మాసములకు మరల అడుగుట భారమైన పని కాదు. ధైర్యము ఉపన్యాసములవలన కంటె చిన్న గెలుపువలనను, తమవంటి వారిని చూచుటవలనను పెరుగునని బండూరా బోధించెను. నేడు ఇంటినుండి వేపచెట్టువరకు నడచినవాడు రేపు గుడివరకు నడచును. అతనిని చూచి పొరుగువాడు కర్ర చేతబట్టును. ఊరూర ఇట్టి జట్లను కూర్చుట యువజనుల విధి. కాలిబాటలను, నీడను, నడుమనడుమ కూర్చుండుటకు అరుగులను ఏర్పరచుట స్థానికాధికారుల విధి.

విమానాశ్రయమునను కుర్చీల నొకటియు తగ్గింపనక్కరలేదు. తెలుగులో దారి చెప్పి తోడువచ్చు మనిషి నొకని నియమించి, "కుర్చీ కావలెనా, తోడు చాలునా?" యని పెద్దలనే యడుగుట మేలు. ఎందరు లేచి నడుతురో చూచి, అధికారులు తక్కిన యేర్పాట్లను నిర్ణయింతురుగాక.