‘నీరసమేలే’ అని ఊరుకుంటే ముప్పే

గుండుగొలను, భీమడోలు, కొల్లేరు లంక గ్రామాల నుంచి ఏలూరు వెళ్లి డయాలసిస్ చేయించుకొస్తున్నవారి ఇళ్లన్నిటికీ ఈ హెచ్చరిక. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు పనిచేసే మిషన్ రక్తాన్ని శుద్ధి చేస్తుంది. కరిగిపోతున్న కండనూ, కుంగిపోతున్న మనసునూ అది పట్టించుకోదు. పట్టించుకోవలసింది మనమే.

ముందు తూకం సంగతి. బరువు తగ్గలేదని ధీమా పడకండి. కండ తరిగినచోట నీరు చేరితే తూకంలో తేడా కనిపించదు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువని నెలల కిందట నిర్ణయించిన ‘డ్రై వెయిట్’నే పట్టుకుని కూర్చుంటే ఆ అదనపు నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. బీపీ పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. చొక్కా వదులైనా, చేతిపట్టు సడలినా, నడక మందగించినా, చిన్న పనికే అలసట వచ్చినా అది వయసు ప్రభావమేనని సరిపెట్టుకోవద్దు. వైద్యులు ‘ఫ్రెయిల్టీ’ అనే బలహీనతకు ఇవే గుర్తులు. ఇది ముదిరితే కిందపడటం, ఎముకలు విరగడం, మళ్లీ మళ్లీ ఆసుపత్రి పాలవడం తప్పవు.

రెండోది పథ్యం. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమన్న మాటను చాలా ఇళ్లలో ఆ తర్వాతా పాటిస్తున్నారు. అది పొరపాటు. డయాలసిస్ మొదలయ్యాక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. బొచ్చె, శీలావతి దొరికే నేల మీద రోగికి చారన్నంతో సరిపెట్టడం న్యాయం కాదు. తాజా చేప, గుడ్డు తెల్లసొన ఎంత పెట్టాలో డాక్టరును అడగండి. ఉప్పుచేప, ఊరగాయ మాత్రం దూరం పెట్టండి. ఓపిక వస్తుందని కొబ్బరినీళ్లు తాగిస్తే అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదు.

మూడోది మనసు. వైద్యులు రోగులతో స్వయంగా మాట్లాడి తేల్చిన అధ్యయనాల ప్రకారం డయాలసిస్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి కుంగుబాటు ఉంది. కుంగినవారు తినరు, కదలరు. కదలక కండ పోతుంది, కండ పోయాక మనసు ఇంకా కుంగుతుంది. ‘మీకు భారమైపోయాను’, ‘ఈసారి మిషన్‌కు రాను’ అనే మాటలను విసుగని కొట్టిపారేయకండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

‘నువ్వు కదలకు, మేం చేస్తాం’ అనే ప్రేమ కూడా చేటే. డాక్టరు సరేనంటే రోజూ కాసేపు నడిపించండి. ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడినా, ఊపిరాడకపోయినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు; 108కి ఫోన్ చేయండి.

అధికారులకూ ఒక మాట. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఉచిత చికిత్స ఇస్తోంది, నెలకు రూ.10,000 పింఛనూ ఇస్తోంది. అది మేలే. కానీ ప్రతి డయాలసిస్ కేంద్రంలో నెలకొకసారి రోగి నడకను, చేతిపట్టును చూసి, నిద్ర, ఆకలి, దిగులు గురించి అడిగి కేసు షీటులో రాయించాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త మిషన్ అక్కర్లేదు. ఉత్తర్వు ఇస్తే చాలు. అది వెంటనే ఇవ్వాలి.